ఎడమ చుట్టు మోకు

ఎండలు తగ్గుముఖం పట్టే వేళకి కుక్కుటేశ్వరరావు గుండీల చొక్కాలు తొడుక్కోవడం మానేశాడు. ఎవరైనా అడిగితే టీషర్టులైతే ఉతుక్కోవడం తేలిక అని చెబుదామని జవాబు కూడా సిద్ధం చేసుకున్నాడు. ఎవరూ అడగలేదు. కువైట్‌లోని వఫ్రా తోటల్లో పనిచేసేవాడు ఏం తొడుక్కున్నాడో చూసే తీరిక ఎవరికుంది? అడగలేదు కాబట్టి మామూలు మనిషైతే ధైర్యం తెచ్చుకుంటాడు. ఇతను మాత్రం, గమనించి కూడా ఊరుకున్నారేమోనని ఇంకో భయం తెచ్చుకున్నాడు. యాభై దాటిన మనిషి, ముప్పావు వంతు బతుకు కష్టంలోనే గడిపినవాడు, అయినా భయపడటంలో మాత్రం ఎప్పుడూ అలసిపోలేదు.

అసలు సంగతి కుడిచేతి వేళ్లు. బొటనవేలు, దాని పక్కనున్న రెండు వేళ్లు మొద్దుబారిపోయాయి. మొదట్లో పొద్దున్న లేచాక కాసేపు తిమ్మిరిగా ఉండి, విదిలిస్తే పోయేది. తర్వాత తర్వాత విదిలించినా పోవడం మానేసింది. టీ గ్లాసు పట్టుకుంటే పట్టుకున్నట్టు కళ్లకి తెలుస్తుంది గానీ వేళ్లకి తెలియదు. అలా రెండు గ్లాసులు పగిలాయి. రెండుసార్లూ మేక తోసిందని చెప్పాడు. మేకకి నోరు లేదు కాబట్టి సరిపోయింది.

ముస్తౌసఫ్‌కి, అంటే అక్కడి గవర్నమెంటు దవాఖానాకి, వెళ్లొచ్చు. వెళితే డాక్టరు రాసే ముక్క కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, చెవిన పడుతుందని భయం. మంగఫ్‌లో కంపెనీ గదుల్లో ఉన్న రోజుల్లో సురేష్ అనే డ్రైవరుకి నడుం పట్టేస్తే, కంపెనీవాళ్లు పూలదండ వేసి, ఫొటో తీయించి, విమానం ఎక్కించేశారు. దండ వేసుకుని నవ్వుతున్న సురేష్ మొహం రావుకి ఇప్పటికీ కలలో వస్తుంది. చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అని ఊరికే అన్నారా మనవాళ్లు. రావు మానం వైపు మొగ్గాడు. పోయే ప్రాణం తనదే కానక్కర్లేదన్న ఆలోచన అప్పటికింకా అతనికి రాలేదు.

పేరు చూసి పెద్ద పండితుల ఇంటివాడు అనుకోకండి. పిఠాపురం స్వామికి మొక్కుకుంటే పుట్టాడని తల్లి ఆ పేరు పెట్టింది. ఊరు అంతర్వేది దగ్గర, సముద్రం ఒడ్డున. అక్కడంతా సరుగుడు తోటలు. తండ్రి ఆ తోటల్లో దుంగలు లాగే జట్టుకి మేస్త్రీ. కొట్టిన మానుల్ని ఇసకలోంచి రోడ్డు దాకా చేర్చడం వాళ్ల పని. లారీ దిగితే కూరుకుపోయే ఇసక అది. అందుకని పెద్ద పెద్ద చక్రాల జతతో ఒక బండి, దానికో పొడుగాటి నొగ, మోకులు, గొలుసు. దుంగ తల ఒకటి పైకి లేపితే చాలు, తోక దానంతటది వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది. రావు చిన్నప్పుడు అన్నం కన్నా ముందు ముడి వెయ్యడం నేర్చాడు.

ఆ జట్టులో తండ్రి పెట్టిన కట్టుబాటు ఒకటుంది. కట్టు కట్టినవాడే నొగ పట్టాలి. అంతకు ముందు ఎవడు పడితే వాడు కట్టేవాడు, ఎవడు పడితే వాడు పట్టేవాడు. ఒకనాడు ఎవడో వదులుగా కట్టిన మోకు జారి, నొగ పైకి తన్నింది. పట్టుకున్న సాయిబాబు దవడ విరిగింది. తర్వాత బతికినన్నాళ్లూ అతను గంజి తాగే బతికాడు. ఎవడు కట్టాడో ఎవరూ ఒప్పుకోలేదు. ఆ రోజు నుంచి జట్టులో ఇదే చట్టం. ప్రాణం తనదైతే ముడి దానంతటదే బిగుస్తుంది అనేవాడు తండ్రి. మోకు చుట్టడం కూడా అందరూ ఒక్కలాగే, కుడి చుట్టు. ఎడమ చుట్టు కనిపించిందంటే బయటివాడెవడో చెయ్యి పెట్టాడని గుర్తు.

ఇదంతా రావు మునాఫ్‌కి వెయ్యిసార్లు చెప్పి ఉంటాడు. మునాఫ్‌ది రాయచోటి. తోటలో మోటార్లు, పంపులు అతని బాధ్యత. ఇద్దరిదీ ఒకే గది. వేరువేరు ఊళ్లు, వేరువేరు దేవుళ్లు, కూరలో కారం దగ్గర కూడా ఒకరికొకరికి పడదు, అయినా పదేళ్లుగా ఒకే పొయ్యి. మునాఫ్ భార్య షగుఫ్తా రిగ్గైలో ఒక కువైటీ ఇంట్లో పనిచేస్తుంది. శుక్రవారం మునాఫ్ వెళ్లి చూసొస్తాడు. వచ్చేటప్పుడు ఆమె చేసిచ్చిన చింతకాయ తొక్కు సీసా ఒకటి వస్తుంది. వాళ్ల మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, మంచిది, వంటింట్లో ఆ మాత్రం చేసుకోనిస్తుంది. ఆ తొక్కులో సగానికి పైగా రావు కడుపులోకే పోతుంది.

ఈమధ్య ఆ సీసా మూత ఎప్పుడు చూసినా వదులుగా ఉంటోంది. ఊరికే అలా పెట్టినట్టుంటుంది, బిగించి ఉండదు. గాలి తగిలితే పచ్చడి పాడైపోద్దని రావు రెండు మూడుసార్లు కేకలేశాడు. మునాఫ్ మరిచిపోయినా అన్నా అని ఊరుకునేవాడు. మళ్లీ మర్నాడు వదులే. లోపల లోపల మాత్రం రావుకి హాయిగానే ఉండేది, ఎందుకంటే బిగించి ఉంటే అతను తియ్యలేడు.

ఇక బండి సంగతి. తోటకి వాయవ్యాన గాలికి అడ్డంగా వరసగా అథల్ చెట్లుండేవి. చూడటానికి మన సరుగుడుకి దగ్గర చుట్టాల్లా ఉంటాయి. వాటిని నాటింది బాబా తండ్రి. బాబా అంటే కఫీల్, ముసలాయన. పనివాళ్లందరికీ ఆయన బాబాయే. ఉప్పునీళ్లకి కొన్ని ఎండిపోయాయి, కిందటి దుమ్ముగాలికి కొన్ని ఒరిగిపోయాయి. వాటిని కోయించి, తోటలో కట్టే కొత్త దివానియాకి, అంటే మగవాళ్లు కూర్చుని కబుర్లాడుకునే సావడికి, ఆ దుంగలే దూలాలుగా వెయ్యాలని బాబా పట్టు. మా నాన్న చెట్టు కింద ఆడుకున్నాను, మా నాన్న చెట్టు కిందే కూర్చుంటాను అన్నాడట. కాబట్టి ముక్కలు చెయ్యడానికి లేదు. దుంగలు నిలువునా రావాలి.

లోడరు తెప్పించారు. అది నాలుగు బారలు పోయేలోపే ఇసకలో కడుపు దాకా దిగబడి, బయటికి లాగేటప్పుడు నీళ్ల పైపు పగలగొట్టింది. దోసపాదులు రెండు పూటలు నీళ్లు లేక వడిలిపోయాయి. బాబా కొడుకు ఫైసల్ ముక్కలు కోసేద్దామన్నాడు. బాబా మొహం తిప్పుకున్నాడు. అప్పుడు నోరు మూసుకుని ఉండొచ్చు కదా మనవాడు. ఉండలేకపోయాడు. మా ఊళ్లో అయితే ఇలా చేస్తాం అని ఇసకలో పుల్లతో గీసి చూపించాడు. బాబా ఆ గీతల్ని చాలాసేపు చూసి, రావు భుజం తట్టి, చెయ్యి అన్నాడు.

ఎండిన చెట్లని చూసి తండ్రి గుర్తొచ్చాడు, అందుకని నోరు జారింది. తర్వాత తన చెయ్యి గుర్తొచ్చింది. అప్పటికే పక్క తోటలవాళ్లకి కూడా బాబా చెప్పేశాడు, మా రావు బండి చేస్తున్నాడని. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అయినా మొదటి రోజులు బాగానే గడిచాయి. అమ్ఘరా తుక్కు దుకాణాల్లో పాత పికప్ బండి ఇరుసు, చక్రాలు దొరికాయి. ఇరుసు మీద గేటులా వంచిన ఇనప కమాను, దాని మధ్యలో గొలుసు వెయ్యడానికి కొక్కెం, కమాను అడుగున ముందుకి పొడుచుకొచ్చే పొడుగాటి పైపు. అదే నొగ. బండిని దుంగ మీదికి తోసుకొచ్చి, నొగని ఆకాశం వైపు లేపి, దుంగ మొదలుని గొలుసుతో కమానుకి బిగించాలి. ఆపైన నొగని కిందికి లాగితే దుంగ తల పైకి లేస్తుంది. నొగని ట్రాక్టరుకి తగిలిస్తే సరి. కొలతలు రావువి, బోల్టులు, బేరింగులు మునాఫ్‌వి. పని చేస్తున్నంతసేపూ రావు భయం మరిచిపోయాడు. ఒకటి రెండుసార్లు పాట కూడా పాడాడు, మునాఫ్ ఆపమనేదాకా.

చివరికి నొగని కమానుకి అతికే వెల్డింగ్ మిగిలింది. బండి బలమంతా ఆ ఒక్క అతుకులో ఉంది. వెల్డింగ్ రావు మంగఫ్ రోజుల్లో నేర్చుకున్న విద్య. అప్పట్లో అతను వేసిన అతుకు మీద వేలు పెట్టి రాస్తే అల్లిక జడ మీద రాసినట్టుండేది. ఇప్పుడు రాడ్ వణికిందో లేదో చేతికి తెలియలేదు. అద్దంలోంచి చూస్తుంటే వెలుగు ఒకచోట ఆగిపోయి, ఇంకోచోట పరుగెత్తింది. చల్లారాక మాడు పొట్టు కొట్టి చూస్తే, చీమిడి కారినట్టు ముద్దలు ముద్దలుగా, మధ్యలో సూది బెజ్జాలు. గ్రైండరుతో తీసేసి ఎడమచేత్తో వేశాడు. అది ఇంకా ఘోరం. మళ్లీ కుడిచేత్తోనే వేశాడు. ఈసారి పైకి కాస్త పర్వాలేదనిపించింది. లోపల ఏముందో వెల్డరుకి తెలుస్తుంది. రావుకి తెలుసు.

పక్క తోటలో వెల్డరున్నాడు, పిలిస్తే వస్తాడు. పిలిస్తే, నీకు వచ్చు కదా నన్నెందుకు పిలిచావని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు లేక రావు పిలవలేదు. ఇలాంటి చోట మనిషి మీద జాలి పడాలో కోపం తెచ్చుకోవాలో నాకు తెలియదు. నాకైతే కోపమే వస్తుంది.

షర్క్‌లో చేపల బజారుకి బాబాతో వెళ్లినప్పుడు తెచ్చుకున్న పాత పడవ మోకు ఒకటి గదిలో ఉంది. దాన్ని తీసి, ఆ అతుకు చుట్టూ బిగువుగా, కుడి చుట్టు చుట్టాడు. మునాఫ్ చూసి ఇదేందన్నా అని అడిగితే, చెయ్యి జారకుండా పట్టు కోసం అన్నాడు. మోకు ఇనుముకి బలం ఇవ్వదు. అది అతుకుని కాపాడటానికి కాదు, కనిపించకుండా ఉండటానికి.

ఆ సాయంత్రం పని పంచుకున్నారు. పంచింది రావే. ట్రాక్టరు నేను తోల్తాను, నొగ నువ్వు పట్టు అన్నాడు. నొగని కిందికి లాగాలంటే రెండు చేతుల పట్టు కావాలి. ట్రాక్టరు స్టీరింగైతే ఎడమచేత్తో నెట్టుకు రావొచ్చు. వయసులో పెద్దవాడు సీటెక్కడం ఎవరికీ వింతగా తోచదు. మునాఫ్ ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి, సరేనన్నా అన్నాడు. ఆ చూపు రావుకి గుచ్చుకుంది. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు కుడిచేతిని జేబులో పెట్టుకున్నాడు.

అప్పటి నుంచి అన్నం సయించలేదు. కళ్లు మూసుకుంటే సాయిబాబు కనిపించేవాడు, అరుగు మీద కూర్చుని గిన్నెలో గంజి ఊదుకుంటూ. కాసేపటికి ఆ మొహం మునాఫ్ మొహం అయ్యేది. పక్కన షగుఫ్తా నిలబడి ఉండేది. రావు ఆమెని రెండుసార్లే చూశాడు గానీ, ఆమె చేసిన తొక్కు తిని పదేళ్లయింది. ఊరినుంచి భార్య చంద్రావతి వీడియో కాల్ చేసింది. ఎప్పుడూ కుడిచేత్తో పట్టుకునే ఫోను ఇవాళ ఆ చేతికి మార్చారేంటండీ అని అడిగింది. చార్జింగ్ వైరు పొట్టిదన్నాడు. ఆమెకి నమ్మకం కుదరలేదని తెలుస్తూనే ఉంది. మీ గొంతేంటండీ అలా ఉందంటే దుమ్ము అన్నాడు. కువైట్‌లో ఉన్నవాడికి దుమ్ము ఒక వరం, ఏ అబద్ధానికైనా పనికొస్తుంది.

మధ్యలో ఒకరోజు బాబా అతన్ని వెంటబెట్టుకుని జమియాకి, అంటే కోఆపరేటివ్ దుకాణానికి, సరుకులకి తీసుకెళ్లాడు. దారి పొడుగునా చెప్పేద్దామా అనుకున్నాడు. బాబా దివానియా గురించి, దూలాల కింద వేసే చాపల గురించి చెబుతూ చిన్నపిల్లాడిలా మురిసిపోతున్నాడు. చెప్పడానికి సందు దొరకలేదని రావు తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. సందు చాలానే దొరికింది.

దుంగలు లాగే రోజు పొద్దున్నే రావు బండి దగ్గరికెళ్లి చూశాడు. మోకు ఎడమ చుట్టు ఉంది.

ముందు తన కళ్లనే నమ్మలేదు. దగ్గరికెళ్లి ఎడమచేత్తో తడిమాడు. కట్టు మునుపటికన్నా కాస్త లావెక్కినట్టుంది కూడా. తను చుట్టింది కుడి చుట్టు. నలభై ఏళ్లుగా ఇంకో చుట్టు తన చేతికి రాలేదు. ఎవరో విప్పారు. విప్పి, అతుకు చూసి, మళ్లీ చుట్టారు. ఎవరు? ఫైసలా? ఫైసల్ అయితే ఈపాటికి బాబాకి చెప్పే ఉంటాడు. పక్క తోట వెల్డరా? వాడికేం పని? ఏదైనా వదులు చేశారా, ఏదైనా తీశారా? విప్పి చూద్దామని కొస పట్టుకున్నాడు. ముడి గట్టిగా ఉంది. మొద్దు వేళ్లకి అది లొంగలేదు. పళ్లతో పట్టుకుని లాగబోతుంటే కారు చప్పుడు వినిపించింది.

బాబా వచ్చాడు. ఒక్కడే రాలేదు, ఇద్దరు స్నేహితుల్ని కూడా తీసుకొచ్చాడు. ఫైసల్ ఫోను పట్టుకుని వీడియో తీయడానికి సిద్ధంగా ఉన్నాడు. ఫ్లాస్కులో టీ, పళ్లెంలో ఖర్జూరాలు. అంతా వేడుకలా ఉంది. రావు ఒక్కొక్కరి మొహమే చూశాడు. ఎవరి మొహంలోనూ ఏమీ దొరకలేదు. బాబా యల్లా, కానివ్వండి అన్నాడు. రావు కాళ్లు అతన్ని అడక్కుండానే ట్రాక్టరు వైపు తీసుకెళ్లాయి.

ఎక్కి ఇంజను వేసుకుని కూర్చున్నాడు. వెనక్కి తిరిగి చూస్తే, మునాఫ్ బండిని దుంగ మీదికి తోసి గొలుసు బిగిస్తున్నాడు. వరసలోకెల్లా లావుపాటి దుంగ అది. నొగ నిటారుగా ఆకాశంలోకి లేచి ఉంది. మునాఫ్ తలగుడ్డ బిగించుకుని, నొగ కొసకి కట్టిన తాడు అందుకుని, రెండు చేతులా దాన్ని వంచడం మొదలుపెట్టాడు. సగం వంగింది. అతని మొహం ఆ పైపుకి సరిగ్గా ఎదురుగా ఉంది. పైపుకీ కమానుకీ మధ్య ఎడమ చుట్టు మోకు, దాని కింద తను వేసిన చెడ్డ అతుకు. దుంగ ఇంకా నేల వదలలేదు, గొలుసు ఇప్పుడిప్పుడే బిగుసుకుంటోంది.

రావుకి ఆ క్షణంలో మానం గుర్తురాలేదు, విమానం టికెట్ గుర్తురాలేదు. గంజి ఊదుకుంటున్న చప్పుడు ఒక్కటే వినిపించింది. ఇంజను ఆపి దూకాడు. దూకడంలో మోకాలు ట్రాక్టరు మెట్టుకి కొట్టుకుంది. కుంటుకుంటూ వచ్చి మునాఫ్ భుజం పట్టుకున్నాడు.

"వదిలెయ్ మునాఫూ. మెల్లిగా పైకి వదిలేసి పక్కకి రా."

మునాఫ్ నొగని నెమ్మదిగా పైకి పోనిచ్చాడు. బాబా స్నేహితులు మాటలు ఆపేశారు.

"ఆ అతుకు మంచిది కాదురా. నా చేతికి స్పర్శ లేదు. వేసవి నుంచీ లేదు. ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా నిన్ను తీసుకొచ్చి అక్కడ నిలబెట్టాను."

మునాఫ్ తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

"తెలుసు కదన్నా," అన్నాడు. "సీసా మూత రోజూ ఎవురు వదులు చేసి పెడ్తాండారనుకున్యావు? మేక పెడ్తాండాదా?"

మునాఫ్ వంగి మోకు ముడి విప్పి, చుట్టంతా తీసేశాడు. కింద రావు వేసిన అతుకు లేదన్నట్టే ఉంది. దాని మీదుగా అటూ ఇటూ రెండు మందపాటి ఇనప పట్టీలు, ఈ పక్కనుంచి ఆ పక్కకి దూరిన బోల్టులు, ఒక్కోదానికి రెండేసి నట్లు. పంపులకి వాడే బోల్టులవి, నల్లటివి. రావు జమియాకి వెళ్లిన రోజు రంధ్రాలు వేసి బిగించాడట. మళ్లీ మోకు చుట్టేటప్పుడు ఎటు చుట్టి ఉందో గుర్తుపెట్టుకోలేదు.

తెలిసి ఎందుకు చెప్పలేదని అడిగాడు రావు.

"నువ్వు చెప్తావని చూస్తాంటి," అన్నాడు మునాఫ్. "రోజూ చూస్తాంటి. నొగ నన్ను పట్టుకోమన్యావు సూడు, ఆ పొద్దు బో బాధైంది నాకి. నా కింద షగుఫ్తా ఉండాది, పిల్లోళ్లు ఉండారు, ఆమాత్రం తెలీదా ఈ మనిషికి అనుకుంటి. పట్టీలు బిగించినాక గూడా ఏం చెప్పకుండా ఉండిపోయినా. ట్రాక్టరు ఎక్కి కూచున్యాక ఇంగ చెప్పడులే అనుకున్యా. నువ్వు దిగకపోయింటే బండికి ఏం కాకపోవును. మన గది మాత్రం వేరయ్యేది."

అతని కళ్లు తడిగా ఉన్నాయి. కోపం కూడా ఉంది. రెండూ ఒకే మొహంలో ఉండటం రావు చూశాడు, చూసి తల దించుకున్నాడు. తనూ ఏడుస్తున్నాడని తర్వాత ఫైసల్ వీడియోలో చూశాక గానీ అతనికి తెలియలేదు.

బాబాకి తెలుగు రాదు. ఏం జరిగిందని అడిగాడు. మునాఫ్ నోరు తెరిచాడు గానీ రావు చెయ్యెత్తి ఆపి, తనకొచ్చిన అరబ్బీలో తనే చెప్పాడు. కుడిచేతిని ముందుకి చాపి చూపించాడు. ముసలాయన ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, ఒక్కో వేలూ గిల్లి చూశాడు. నొప్పి పుట్టాల్సిన చోట పుట్టలేదు. బాబా చెయ్యి వదల్లేదు. రేపు ముస్తౌసఫ్‌కి నేనే తీసుకెళతాను అన్నాడు. టికెట్ మాట ఎత్తలేదు. ఎత్తలేదు కాబట్టి మామూలు మనిషైతే ధైర్యం తెచ్చుకుంటాడు.

ఇక దుంగ సంగతి. రావు వెళ్లి నొగ కింద నిలబడ్డాడు. ఎడమచేత్తో తాడు పట్టుకుని, ఇప్పుడైనా తనే లాగుతానన్నాడు. మునాఫ్ ఆ తాడు అతని చేతిలోంచి తీసుకున్నాడు.

"పట్టీలు నావి, బోల్టులు నావి," అన్నాడు. "కట్టు కట్టినోడే నొగ పట్టాల. మీ నాయన మాటే కదా, వెయ్యిసార్లు చెప్పినావు."

కట్టుబాటు తన తండ్రిదే. దాన్ని పట్టుకుని రాయచోటి మనిషొకడు తన ముందు నిలబడి తనని పక్కకి పొమ్మంటున్నాడు. పక్కకి పోయాడు. మరీ దూరం పోలేదు. ఫైసల్ ఫోను బాబా స్నేహితుడొకరి చేతికిచ్చి ట్రాక్టరెక్కాడు. మునాఫ్ నొగని కిందికి లాగాడు. పట్టీల దగ్గర కిర్రుమంది. రావు ఒక్క అడుగు ముందుకేశాడు. అది గొలుసు సర్దుకున్న చప్పుడు. దుంగ మొదలు ఇసకలోంచి లేచింది, కొంచెం, ఇంకొంచెం. నొగని ట్రాక్టరుకి తగిలించాక, బాబా తండ్రి నాటిన చెట్టు తల పైకెత్తుకుని, తోక ఇసకలో గీత గీసుకుంటూ, పగిలిన పైపు పక్కనుంచి, దోసపాదులకి తగలకుండా బయటికి వచ్చింది. బాబా దాని పక్కనే నడిచాడు, మీద చెయ్యి వేసుకుని.

మిగతా దుంగలన్నీ అలాగే వచ్చాయి. ప్రతిసారీ నొగ వంగేటప్పుడు రావు ఊపిరి బిగబట్టాడు. ప్రతిసారీ అవసరం లేకుండానే బిగబట్టాడు. ఆ అలవాటు ఇక పోదేమో.

పొద్దు వాలాక ఇద్దరూ బండి కడిగి, మోకు మళ్లీ చుట్టారు. ఇప్పుడు దాచాల్సిందేమీ లేదు, పట్టు కోసమే. రావు ఒక కొస పట్టుకుని నిలబడితే మునాఫ్ చుట్టాడు. మళ్లీ ఎడమ చుట్టే చుడుతున్నాడు. అలా కాదురా అనబోయి రావు ఊరుకున్నాడు. బయటివాడి చెయ్యి పడిందని గుర్తు అనేవాడు తండ్రి. తండ్రికి మునాఫ్ తెలియదు.

రేపు డాక్టరు ఏమంటాడో, ఆ తర్వాత బాబా ఏమంటాడో తెలియదు. ఆ భయం ఎక్కడికీ పోలేదు, గదిలోకి కూడా వెంటే వచ్చింది. చాప మీద అన్నం, పప్పు, నడుమ చింతకాయ తొక్కు సీసా. రావు అలవాటు ప్రకారం మూతని ఎడమచేత్తో తీయబోయాడు. కదల్లేదు. ఇవాళ గట్టిగా బిగించి ఉంది.

మునాఫ్ పప్పు వడ్డించుకుంటూ తలెత్తలేదు. రావు సీసాని అతని ముందుకి జరిపాడు.

"తియ్యరా," అన్నాడు.